గూబకు వదిలిన సందు

మొన్న ఒక ఉదయం మా అపార్టుమెంటు వాట్సాప్‌లో గొడవ మొదలైంది. మేడ మీద నీళ్ల ట్యాంకు గదిలో గుడ్లగూబ చేరిందట. ఒకరు వల వేసే మనిషిని పిలిపిద్దామన్నారు, ఇంకొకరు హోమం చేయిద్దామన్నారు. మూడో అంతస్తు కోడలు పిల్ల మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి వచ్చేసింది. "పెద్దమ్మా, గుడ్లగూబ అస్తె ఇల్లు ఖాళీ జెయ్యాలె అంటరు. నిజమేనా?" అని అడిగింది. ఆ పిల్లకు ఏడో నెల. భయపడటంలో తప్పు లేదు.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. "నిజమే బిడ్డా, మేము జేసినం" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "జేసినం గనుకనే మా బాపు మాకు దక్కిండు. కూసో, చెప్త" అన్నాను. జగిత్యాలలో ఈ నాలుగో అంతస్తుకు వచ్చి చాలా కాలమైంది కానీ, ఆ కథ చెప్పాలంటే సిరిసిల్లలోని మా పాత ఇంటిదాకా పోవాలి.

మాది గూనపెంకుల ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో పొయ్యి, పైన సగం దాకా చెక్కల అటుక. అటుక మీద పాత బుట్టలు, విరిగిన రాట్నం, పండుగ వంటలకు మాత్రమే కిందికి దిగే పెద్ద ఇత్తడి పాత్ర, గుండి. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ అని. బాపు పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే, దీపాలు పెట్టే వేళ దాకా పేక నూలు మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతూనే ఉండేది. అవ్వ రాట్నం దగ్గర కండెలు చుట్టేది. పడుగుకు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలుకు, గంజి పట్టించే రోజున వీధంతా పుల్లటి వెచ్చటి వాసన. ఇప్పటికీ ఎవరింట్లోనైనా అన్నం వారుస్తుంటే నాకు మా వీధే గుర్తొస్తుంది.

ఆ గంజికి ఊళ్లోని ప్రాణులన్నీ అలవాటు పడ్డాయి. పిచ్చుకలు కుండ అంచు మీద వాలి మెతుకులు ఏరుకునేవి. ఉడుతలు తెగిన పోగులను నోట కరుచుకుని వేపచెట్టెక్కేవి. మా పక్కిల్లు రంగుల చాచాది. నూలుకు రంగులద్దడం వాళ్ల పని. వాళ్ల పెరట్లో తీగెల మీద ఎర్ర నూలు, పచ్చ నూలు, నీలం నూలు ఆరుతూ ఉండేవి. అందుకే మా వాడకట్టులో పిచ్చుక గూళ్లు కూడా రంగురంగులుగా ఉండేవి. గూళ్లను చూసి ఆ నెలలో చాచా ఏ రంగు ఎక్కువ అద్దాడో చెప్పేయవచ్చు.

ఇంటికి పెద్ద బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి. గంజి కుండ కడిగిన నీళ్లను కూడా ఆమె వృథాగా పోనిచ్చేది కాదు. పెరట్లో బండ మీద పోసి, "తినుండ్రి, మీది గూడ గీ ఇల్లే" అనేది. కాకి వచ్చినా, తొండ వచ్చినా, కట్టెల కుప్పలో ఉండే ముంగిస వచ్చినా ఆమెకు చుట్టాలే. రెండింటిని మాత్రం ఆమె దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకటి ఎలుక. గంజి పట్టిన నూలంటే ఎలుకకు పాయసమే. ఏమరుపాటుగా ఉంటే ఒక్క రాత్రిలో పడుగునంతా కొరికి పారేస్తుంది. రెండోది గుడ్లగూబ. దాని పేరు కూడా ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. చిన్నప్పుడు తన పుట్టింట్లో గూబ దూరితే పెద్దలు లెక్కచేయలేదనీ, ఆ నెలలోనే తన తమ్ముడు పోయాడనీ ఆమె నమ్మకం. అది చెప్పేటప్పుడు అంత గడుసు మనిషి గొంతూ సన్నబడేది.

ఆ ఏడు తొలి తెలంగాణ ఉద్యమం, అరవై తొమ్మిది నాటిది. మా బడి ఎప్పుడో మూతపడింది. రోజూ వీధిలోంచి ఊరేగింపు పోయేది. కాలేజీ పిల్లలు "జై తెలంగాణ" అని ఒక్కసారి అరిస్తే వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయేవి. మేమూ వెంట పరుగెత్తి గొంతు పోయేలా అరిచేవాళ్లం. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉద్యోగాల గురించి, నీళ్ల గురించి, తమ పిల్లల గురించి మాట్లాడుకునేవారు. బాపు నాడె ఆపి బయటికి వచ్చి ఊరేగింపుకు చేతులెత్తి దండం పెట్టేవాడు. కొన్నాళ్లకు బస్సులు ఆగాయి. లారీలు ఆగాయి. లారీలతో పాటు నూలూ ఆగింది. చాచా రంగుల గాబులు ఎండిపోయాయి. ఆ ఎండాకాలం పిచ్చుకలు ఉత్త గడ్డితో గూళ్లు కట్టుకున్నాయి.

మా ఇంట్లో మిగిలింది మగ్గం మీది పడుగొక్కటే.

"గిది నేసి అమ్ముకుంటె వానకాలం దాక ఎల్తది. గా లోపల బండ్లు నడుస్తయి" అన్నాడు బాపు.

"గిది గూడ అయినంక నడువకపోతే?" అని అడిగింది అవ్వ.

"గప్పుడు భీవండి పోవుడే. ఆడ సాంచెల మీద పని దొరుకుతదట."

మర మగ్గాలను మేము సాంచెలంటాం. భీవండి అంటే మాకు ఊరు పేరు కాదు, భయం పేరు. ఎదురింటాయన పక్క రాష్ట్రంలోని ఆ ఊరికి పోయి చాలా కాలానికి పండుగకు వస్తే, ఆయన కూతురు గుర్తుపట్టక తలుపు వెనక దాక్కుంది. ఆ పిల్ల నా జోడీ. ఆ రోజు ఆమె ముఖం నేను చూశాను. అందుకే ఆ మాట విన్నప్పటి నుంచి పొద్దున లేవగానే ముందు పోయి పడుగును చూసుకునేదాన్ని. అది ఉంటే బాపు ఉంటాడని నా లెక్క.

ఒకనాడు బాపమ్మ ఇత్తడి గుండి దించమంది. నిచ్చెన ఎక్కింది నేనే. అటుక మూలన పాత బుట్టలోంచి రెండు నల్లటి కళ్లు నన్ను చూస్తున్నాయి. ముఖం గుండ్రంగా, ముగ్గుపిండి అద్దినంత తెల్లగా ఉంది.

"బాపమ్మా, ఇక్కడొక తెల్ల పిట్ట ఉన్నది!" అని అరిచాను సంబరంగా.

బాపమ్మ రెండు మెట్లెక్కి చూసింది. దిగాక గోడ పట్టుకుని నిలబడి, "ఇల్లు పాడుబెట్టాలె" అంది.

గూబ దూరిన ఇంట్లో మనుషులు ఉండకూడదని మా వైపు పట్టింపు. అయ్యగారు చెప్పినన్నాళ్లు తాళం వేసి, గుమ్మానికి తుమ్మకంప అడ్డం కట్టి బయట ఉండాలి. దాన్నే ఇల్లు పాడుబెట్టడం అంటారు. అంతవరకు లోపలికి అడుగు పెట్టకూడదు, పోగు కూడా బయటికి తేకూడదు. అయ్యగారు పంచాంగం తిప్పి, రెండు అమావాస్యలు దాటాలన్నాడు.

బాపు నెత్తి పట్టుకుని తన తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, మగ్గం మీద పడుగున్నదే. ఎట్ల ఇడిశిపెట్టి పోవాలె?"

"కోసుకో."

ఆ మాట అన్నదే కానీ ఆమెకూ తెలుసు. పోగు పోగుకూ ముడి వేసి మగ్గానికి అతికిన పడుగును కోస్తే అది ఇక పడుగు కాదు, చింపిరి నూలు.

"దాన్ని ఎల్లగొట్టి తలుపేసుకుందం" అన్నాడు బాపు.

"అచ్చిన ప్రాణిని కొడితె ఇంకింత పాపం."

"ఎలుకలు నూలు తింటయే అవ్వా!"

"నూలే గదరా తింటయి" అంది బాపమ్మ. ఆమె కళ్లలో నీళ్లు చూసి బాపు తాళం వెతకడానికి లేచాడు. అవ్వ పడుగు మీద పాత దుప్పటి కప్పింది. నాలుగు గిన్నెలు, కట్టుబట్టలు తీసుకుని బయటికి వచ్చాం. బాపు కంప కడుతుంటే ముల్లు గుచ్చుకుని రక్తం వచ్చింది, తుడుచుకోలేదు.

మామూలు రోజులైతే కోరుట్లలో మేనత్త ఇంటికి పోయేవాళ్లం. బస్సులు లేవు. మండుటెండల్లో అంత దూరం ఎడ్లబండి మీద బాపమ్మను తీసుకుపోలేరు. నలుగురం గిన్నెలు పట్టుకుని మా అరుగు కింద మేమే పరాయివాళ్లలా నిలబడ్డాం. అప్పుడు గోడ అవతల నుంచి చాచా భార్య, మా చాచీ, పిలిచింది.

"అమ్మా, మా రంగుల కొట్టం ఖాళీగనే ఉన్నది. గాబులు మూలకు జరుపుకుంటె మీ నలుగురికి బరాబర్ సరిపోతది. రాండ్రి."

బాపమ్మ కాసేపు నసిగింది. "బీబమ్మా, నా పొయ్యి నేనే ఎలిగిచ్చుకుంట మరి."

"ఎలిగిచ్చుకో అమ్మా, నీ కుండల నేను తొంగి గూడ సూడ. పిల్లను మాత్రం నాకిడిశిపెట్టు. దాని కడుపు నా జిమ్మ."

అలా నా కడుపు చాచీ బాధ్యత అయింది. ఆమె జొన్నరొట్టె చేసి, చింతపండు పులుసులో ముంచి పెట్టేది. ఖట్టా అనే వాళ్ల ఆ పులుసు ముందు నాకు మా ఇంటి పప్పు చప్పగా తోచేది, ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. కొట్టం నేలలో ఏళ్ల రంగు ఇంకి ఉంది. రెండు రోజుల్లోనే నా అరికాళ్లు నీలంగా మారాయి. పొద్దుటి పూట చాచా నన్ను మానేరు వాగుకు తీసుకుపోయి, ఎండిపోగా మిగిలిన మడుగుల్లో లకుముకి పిట్ట చేపను కొట్టడం చూపించేవాడు. వచ్చేటప్పుడు ఒడిలో ఈతపండ్లు. నూలు లేక పని లేని మనిషి దిగులుగా ఉండాలి కదా, ఆయన మాత్రం నాతో ఆడుకున్నాడు.

కొట్టంలో గాబు అడుగున కాస్త ఎర్రరంగు ఎండి మిగిలి ఉంటే, ఊరుకోలేక నీళ్లు కలిపి చాచీ తెల్లకోడిని అందులో ముంచాను. అది వాకిట్లోకి రాగానే బాపమ్మ రెండు చేతులూ జోడించి, "శివ శివ, ఇగ కోళ్లు గూడ రంగులు మారవట్టె! ఇంకెన్ని సూడాల్నో" అని కూలబడింది. చాచీ కడుపు పట్టుకుని నవ్వి, నా చెవి మెలిపెట్టి, తానే ఆ కోడికి స్నానం చేయించింది. రంగు మాత్రం ఈకలు రాలేదాకా పోలేదు.

ఆ మధ్యలో బాపమ్మకు జ్వరం వచ్చింది. తగ్గాక నోరు చేదుగా ఉందని, ఏదీ సయించదని మూలుగుతూ, "పిల్లా, చాచీని జరంత మామిడి తొక్కు అడుక్కరా పో. నేనన్ననని చెప్పకు" అంది. చాచీ ఆ పచ్చడి ఇస్తూ, "ఎవరన్నరో నేనడుగలేదులే" అంది నవ్వుతూ. ఆ రోజు నుంచి రెండు పొయ్యిల మధ్య గిన్నెలు నాడెల్లా తిరిగాయి.

బాపు ఒక్కడే ఎక్కడా కుదురుకోలేదు. తుమ్మకంప ముందు కూర్చుని తలుపునే చూస్తుండేవాడు. ఒళ్లో పెట్టుకున్న చేతులు మగ్గం మీద ఉన్నట్టే కదిలేవి. "లోపట ఎలుకలు పెండ్లి జేసుకుంటున్నయి కావొచ్చు" అని తనలో తానే అనుకునేవాడు.

పొద్దుగూకే వేళ మా ఇంటి పెంకుల మధ్య సందులోంచి ఆ తెల్ల పిట్ట జారినట్టు బయటికి వచ్చేది. రెక్కల చప్పుడు వినబడేది కాదు. తర్వాత తెలిసింది, అది ఒకటి కాదు, జంట. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో ఏదో వేలాడేది. నేను చాచీ పెరట్లో నిలబడి చూసేదాన్ని. భయం వేయాలి, కానీ దాని ముఖం అంత బాగుంటే భయం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో అమావాస్య దగ్గర పడుతుండగా ఇంట్లోంచి కొత్త చప్పుడు మొదలైంది. బుస్సుమని పెద్దగా, ఆగి ఆగి, ఒకదాని మీద ఒకటి. చాచా గోడకు చెవి ఆనించి విని, "నాగుపాము. పెద్దది" అన్నాడు. బాపమ్మ కంప ముందు గుడ్డు పెట్టి, గిన్నెలో పాలు పోసి, "నాగమయ్యా, నీ తావు నువ్వు జూసుకో తండ్రీ" అని మొక్కింది. బుస ఆగలేదు, పెరిగింది. పాలు పిల్లి తాగింది.

ఆ సాయంత్రం బాపు అవ్వతో, "నా రెండు అంగీలు ఉతికి మూట గట్టు" అన్నాడు. "గూబ జేరె, పాము జేరె. ఇగ పడుగెక్కడిది? ఇల్లు తెరిశినంక నడిశయినా భీవండి పోత."

అవ్వ అంగీలు ఉతికింది. తీగె మీద ఆరుతున్న ఆ రెండు అంగీలను చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. చాచీ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఆమె నా జుట్టు నిమురుతూ, "తలుపు తెరువనియ్యి బిడ్డా. అల్లా లోపట ఏం బెట్టిండో మనకేమెరుక" అంది.

అమావాస్య వెళ్లిన తెల్లారి అందరం గుమ్మం ముందు చేరాం. చాచా చేతిలో పొడవాటి కర్ర. బాపు కంప తీసి తాళం తెరిచాడు. ముక్కు పగిలే వాసన. అటుక మీది నుంచి బుస్సుమని చప్పుడు. చాచా నన్ను వెనక్కి లాగాడు. బాపు కర్ర అందుకుని నిచ్చెన ఎక్కాడు. పైన తల పెట్టినవాడు చాలాసేపు కదలలేదు. ఆయన వీపు అదరడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను.

"అవ్వా, నీ నాగమయ్యకు రెక్కలున్నయే" అన్నాడు నవ్వు ఆపుకోలేక.

నేనూ ఎక్కి చూశాను. బుట్టలో నాలుగు పిల్లలు. తెల్లటి దూది ఉండల్లాంటి ఒళ్లు, మెట్లు కట్టినట్టు పెద్దదీ చిన్నదీ. మమ్మల్ని చూసి వరుసగా తలలు వంచి, అటూ ఇటూ ఊగుతూ బుసలు కొడుతున్నాయి. అంత చిన్న నోళ్లతో మా వీధినంతా బెదరగొట్టాయి.

అటుక కింద నేల మీద గూబలు కక్కిన నల్లటి ఉండలు కుప్పగా పడి ఉన్నాయి. చాచా ఒకదాన్ని కర్రతో విరిచాడు. లోపల బూడిదరంగు వెంట్రుకలు, సన్నటి ఎముకలు, రెండు పొడవాటి పసుపు పళ్లు. ఎలుక పళ్లు. ఇంకో ఉండ విరిస్తే అవే. అన్నింటిలోనూ అవే. నేను పెరట్లో నిలబడి చూసినప్పుడు ఆ నోళ్లలో వేలాడింది ఏమిటో అప్పుడు అర్థమైంది.

బాపు ఒక్క అంగలో మగ్గం దగ్గరికి పోయి దుప్పటి లాగాడు. ఆయన అరచేతిని పడుగు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరిపాడు. మళ్లీ ఆ అంచు నుంచి ఈ అంచుకు తెచ్చాడు.

"ఒక్క పోగు తెగలే" అన్నాడు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, అప్పుడు ఏడ్చాడు.

బాపమ్మ ఎవరి సాయమూ లేకుండా నిచ్చెన ఎక్కింది. గూబ పిల్లలు ఆమెను చూసి ఇంకా గట్టిగా బుస కొట్టాయి. తమ్ముణ్ని పోగొట్టుకున్నప్పటి నుంచి ఆ పిట్ట పేరెత్తని మనిషి, వాటిని చాలాసేపు చూసింది. దిగి వచ్చి అందరి మీదా కసురుకుంది. "బాలింత ఇల్లు. సప్పుడు జెయ్యకుండ్రి."

"మరి దోషం?" అన్నాడు బాపు కళ్లు తుడుచుకుంటూ.

"పాడుబెట్టినం, పోయింది. గిప్పుడయి చుట్టాలు."

ఆమె న్యాయం అలాగే ఉండేది. మగ్గం మీద రెట్టలు పడకుండా అటుక కింద తన పాత చీర కట్టింది. బాపు కింద నేస్తుంటే పైన బుసలు. కొన్నాళ్లకు పిల్లలు ఒక్కొక్కటీ ఎగిరిపోయాయి. నేసిన బట్ట అమ్ముడుపోయింది, వానల దాకా పొయ్యి వెలిగింది. మెల్లగా బండ్లు నడిచాయి, నూలు వచ్చింది, చాచా పెరట్లో రంగులు ఆరాయి. అవ్వ మూట విప్పి రెండు అంగీలూ దండెం మీద వేసింది. బాపు ఆ తర్వాత కూడా భీవండి పోలేదు. పండుగకు వచ్చి పోయే మనిషి కాలేదు. నేను పెళ్లయి వెళ్లేదాకా రోజూ ఆయన నాడె చప్పుడుకే నిద్ర లేచాను.

ఆ ఏడు తొలకరి వానల మిరుగం కార్తె ముందు పెంకులు సర్దే మనిషి వచ్చాడు. అన్నీ సర్ది ఆ మూల సందు కూడా మూయబోతుంటే బాపమ్మ కింది నుంచి కేకేసింది. "గది ఉండనియ్యి."

"వాన పడితె కురుస్తదవ్వా."

"కురిస్తె కురువనియ్యి. గుండి బెట్టుకుంట."

నిజంగానే పండుగలకు దిగే ఆ ఇత్తడి గుండిని అక్కడ పెట్టింది. వానొస్తే టంగు టంగుమని నీళ్లు పడేవి. గోడ అవతల నుంచి చాచీ, గూబను తన మాటలో ఉల్లూ అంటూ, ఆటపట్టించింది. "ఏందమ్మా, ఉల్లూకు కిరాయి లేకుంట ఇల్లిచ్చినవా?"

"నువ్వు మా దగ్గర కిరాయి దీసుకున్నవా బిడ్డా?" అంది బాపమ్మ.

చాచీ నవ్వడం ఆపి కొంగుతో కళ్లొత్తుకుంది. బాపమ్మ థాంక్సులు చెప్పే కాలం మనిషి కాదు. ఆమె చెప్పింది అదొక్కసారే.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడ రేకుల షెడ్డులో సాంచెలు ఆడుతున్నాయి. చాచా, చాచీ పెట్టిన అన్నం ఇంకా నా ఒంట్లో ఉంది, వాళ్లు లేరు. మేము కోరిన రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో పటాకులు కాలుస్తుంటే, బాపు ఉంటే అరుగు మీద నిలబడి చేతులెత్తేవాడు కదా అనుకున్నాను. ఎవరెవరి దయతోనో పెరిగాను. అందులో రెక్కలున్నవాళ్లూ ఉన్నారు.

కథ విన్న కోడలు పిల్ల, "గిప్పుడు దాన్ని ఏం జేద్దాం పెద్దమ్మా?" అంది. "సూసొద్దాం పా" అన్నాను. లిఫ్టులో పైకి పోయాం. ట్యాంకు గది తలుపు దాకా పోయేసరికి లోపలి నుంచి బుస్సుమని వినిపించింది. ఆ పిల్ల నా చేయి గట్టిగా పట్టుకుని, "పామా?" అంది.

"కాదు బిడ్డా. బాలింత ఇల్లు. సప్పుడు జెయ్యకు."

ఆమె తన కడుపు మీద చేయి వేసుకుంది. లిఫ్టు చప్పుడు కూడా వద్దనుకుందేమో, చెప్పులు లేని కాళ్లతో మెట్ల వైపు తిరిగి, ఒక్కొక్క మెట్టే మెల్లగా దిగింది.